లేఖకునికి చెర, సాక్షికి సంకెల

ఈజిప్టు రచయిత అలాఅ అబ్దుల్ ఫత్తాహ్ రచనల సంపుటి 2021లో లండనులోని ఫిట్స్‌కరాల్డో ప్రచురణ సంస్థ ద్వారా ఆంగ్లంలో వెలువడింది. దాని పేరును 'మీరింకా ఓడిపోలేదు' అని తెలుగు చేయవచ్చు. 2011 నుండి 2021 వరకు ఆయన వ్రాసిన వ్యాసాలు, ఉత్తరాలు, ఇంటర్నెట్‌లో పెట్టిన చిన్న చిన్న వ్రాతలు, ఇంటర్వ్యూలు, ప్రాసిక్యూటర్ల ఎదుట చెప్పిన మాటలు ఇందులో కాలక్రమంలో కూర్చబడ్డాయి. గ్రంథం అచ్చయిన నాటికి గ్రంథకర్త కైరోలోని తుర్రా జైలులో ఉన్నారు. ఇందులోని రచనల్లో గణనీయమైన భాగం కూడా జైలు నుండి బయటికి చేరినదే.

గ్రంథం పేరు వెనుక ఒక ఉత్తరం ఉంది. 2017లో ఇంటర్నెట్ హక్కుల గూర్చి విదేశంలో జరిగిన ఒక సమావేశానికి ఆయన జైలు నుండి దానిని పంపారు. తాను ఓడిపోయానని ఒప్పుకొంటూనే, బయట ఉన్నవారికి ఇంకా ఆ స్థితి రాలేదు గనుక ముందు తమ తమ దేశాల ప్రజాస్వామ్యాన్ని చక్కబెట్టుకోవలసిందని అందులో హితవు చెప్పారు. సానుభూతిని అర్థించడానికి బదులు ఎదుటివారికి వారి కర్తవ్యాన్ని గుర్తుచేసే ఆ గొంతే గ్రంథమంతటా వినిపిస్తుంది.

ఇది ధార్మిక గ్రంథం కాదు. గ్రంథకర్త ఇస్లామీయ ఉద్యమాలకు చెందినవారు కారు. వామపక్ష భావాలు గలవారు, వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసేవారు. ఐనప్పటికీ ఇస్లామీయ విద్యలకు అంకితమైన పత్రికలో దీనిని సమీక్షించవలసిన అవసరం ఉందని మా అభిప్రాయం. వార్త నిజమో అబద్ధమో తేల్చవలసినది ఎవరు? చూసింది చెప్పినవానికి సమాజం ఏమి బాకీపడి ఉంది? చెప్పినవాడు మనవాడు కానప్పుడు, పట్టి బంధించినవాడు మనవాడైనప్పుడు మన ధర్మం ఏమిటి? ఈ ప్రశ్నలు ఈజిప్టుకు మాత్రమే పరిమితమైనవి కావు. వీటికి మన శాస్త్రాలలో సమాధానం ఉంది. ఆ సమాధానాన్ని మనం ఎంతవరకు పాటిస్తున్నామన్నదే అసలు సంగతి.

గ్రంథకర్త, ఆయన కాలం

అబ్దుల్ ఫత్తాహ్ 1981లో జన్మించారు. తండ్రి అహ్మద్ సైఫుల్ ఇస్లాం మానవ హక్కుల న్యాయవాది. 1980ల్లో ఐదేళ్లు జైలు అనుభవించినవారు. తల్లి లైలా సువైఫ్ కైరో విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర ఆచార్యులు. పెద్దతల్లి అహ్దాఫ్ సువైఫ్ ప్రసిద్ధ నవలా రచయిత్రి. 2004లో ఆయన తన భార్య మనాల్‌తో కలిసి ఇంటర్నెట్‌లో ఒక వేదికను నెలకొల్పారు. ఈజిప్టులో అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న బ్లాగులన్నీ అక్కడ ఒకచోట కనిపించేవి. పత్రికలు చెప్పజాలని సంగతులను సామాన్యులు చెప్పుకోవడానికి అది అరుగుగా మారింది.

ఆయన పుట్టిన తర్వాత ఈజిప్టును ఏలిన ప్రతి ప్రభుత్వమూ ఆయనను జైలుకైనా పంపింది, విచారణకైనా పిలిచింది. న్యాయమూర్తుల స్వాతంత్ర్యం కోసం జరిగిన ప్రదర్శనలో పాల్గొన్నందుకు 2006లో ముబారక్ ప్రభుత్వం 45 రోజులు నిర్బంధించింది. 2011 అక్టోబరులో సైనిక మండలి అరెస్టు చేసింది. ఆయన జైలులో ఉండగానే కొడుకు పుట్టాడు. 2010లో అలెగ్జాండ్రియాలో పోలీసుల దెబ్బలకు మరణించిన ఖాలిద్ సయీద్ అనే యువకుని పేరే ఆ బిడ్డకు పెట్టారు. 2013 మార్చిలో ముహమ్మద్ ముర్సీ అధ్యక్షులుగా ఉన్న కాలంలో, ఇంటర్నెట్ ద్వారా హింసను ప్రేరేపించాడన్న ఆరోపణపై ప్రభుత్వ ప్రాసిక్యూటర్ ఆయన పేర వారంటు జారీ చేశాడు. ఆ జూలైలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నది. నవంబరులో, పౌరులను సైనిక కోర్టుల్లో విచారించడాన్ని నిరసించిన ప్రదర్శన విషయంలో మళ్లీ అరెస్టయ్యారు. మొదట పడిన 15 ఏళ్ల శిక్ష పునర్విచారణలో ఐదేళ్లకు తగ్గింది. 2014 ఆగస్టులో తండ్రి మరణించినప్పుడు ఆయన ఖైదీ.

2019 మార్చిలో విడుదలయ్యారు. ఐతే రోజూ సాయంత్రం ఆరు నుండి ఉదయం ఆరు దాకా పోలీసు స్టేషనులో గడపాలన్నది షరతు. ఆ ఏడాది సెప్టెంబరు 29న ఆ స్టేషను నుండే ఆయనను తిరిగి పట్టుకుపోయారు. ఆయన తరఫున హాజరు కావడానికి వెళ్లిన న్యాయవాది ముహమ్మద్ బాకర్‌ను కూడా ఆ రోజే నిర్బంధించారు. వకాలతు పుచ్చుకోవడం సైతం నేరమైన రోజది.

2021 డిసెంబరు 20న కైరోలోని అత్యవసర కోర్టు ఆయనకు ఐదేళ్లు, బాకర్‌కు, మరో బ్లాగు రచయితకు నాలుగేళ్ల చొప్పున శిక్ష విధించింది. నేరం 'అసత్య వార్తల ప్రచారం'. ఒక ఖైదీ చిత్రహింసల వల్ల మరణించాడని చెప్పే ఫేస్‌బుక్ ప్రకటనను ఆయన తన పేర పంచుకున్నారు. అదే ఆ నేరం. ఈజిప్టులో అత్యవసర పరిస్థితిని అంతకు రెండు నెలల ముందే ఎత్తివేశారు. కాని కేసును అంతకు పూర్వమే ఆ కోర్టుకు పంపారు గనుక విచారణ అక్కడే సాగింది. ఆ కోర్టు తీర్పుపై అప్పీలు లేదు. విచారణ ఖైదీగా గడిపిన రెండేళ్ల పైచిలుకు కాలాన్ని శిక్షలో జమకట్టలేదు. 2024 సెప్టెంబరుతో తీరవలసిన శిక్షను 2027 జనవరి దాకా లెక్కించారు. అందుకు నిరసనగా 2024 సెప్టెంబరు 30న తల్లి లైలా సువైఫ్ నిరాహార దీక్షకు పూనుకొని, మధ్యలో కొంతకాలం అల్పాహారం తీసుకున్నప్పటికీ, 2025 జూలై దాకా కొనసాగించారు. అప్పటికి ఆమె వయస్సు అరవై తొమ్మిదేళ్లు. చివరకు 2025 సెప్టెంబరు 22న ఆమె కుమారునికి క్షమాభిక్ష లభించింది. డిసెంబరులో ఆయన బ్రిటన్ చేరారు.

అసత్య వార్త ఎవరిది?

ఈ సంపుటిలో అన్నిటికంటె విలువైన రచన 2011 అక్టోబరులో ఒక అరబ్బీ దినపత్రిక కోసం వ్రాసినది. ఆ నెల 9వ తేదీన కైరోలోని మస్పెరో ప్రాంతంలో, ప్రభుత్వ టెలివిజన్ భవనం ఎదుట, కాప్టిక్ క్రైస్తవులు ప్రదర్శన జరిపారు. సైనిక వాహనాల కింద నలిగి, తుపాకి గుండ్లు తగిలి ఇరవైకి పైగా మరణించారు. ఆ రాత్రి ప్రభుత్వ టెలివిజన్, క్రైస్తవులు సైన్యంపై దాడి చేస్తున్నారని, నిజాయితీపరులైన పౌరులు సైన్యానికి అండగా వీధుల్లోకి రావాలని ప్రసారం చేసింది.

మృతదేహాలు కాప్టిక్ ఆసుపత్రికి చేరాయి. శవపరీక్ష జరగకుండానే ఖననం చేస్తే సాక్ష్యం మట్టిలో కలిసిపోతుంది. దుఃఖంలో మునిగి ఉన్న కుటుంబాలకు ఆ మాట నచ్చజెప్పిన కొద్దిమందిలో అబ్దుల్ ఫత్తాహ్ ఒకరు. మృతుల్లో ఆయన మిత్రుడు మీనా దానియాల్ ఉన్నాడు. వ్యాసంలో ఆవేశపూరితమైన నినాదాలు లేవు. ఆసుపత్రిలో ఏమి జరిగిందో, ఎవరు ఏమన్నారో, ఎవరికి ఎలా నచ్చజెప్పవలసివచ్చిందో ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోతారు. చదివేవారికి కోపం తెప్పించాలన్న యత్నం కనిపించదు. కోపం తనంతట అదే వస్తుంది. కొద్ది రోజులకే ఆయనను సైనిక ప్రాసిక్యూటర్ పిలిపించాడు. ఆ హత్యాకాండలో సైన్యమే నిందితపక్షం గనుక సైనిక విచారణకు సమాధానం చెప్పనని ఆయన నిరాకరించి జైలుకు వెళ్లారు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ రాత్రి అసత్య వార్తను నిజంగా ప్రచారం చేసినది ప్రభుత్వ టెలివిజన్. ఒక మతం వారిపైకి మరొక మతం వారిని ఉసిగొల్పినది అదే. జైలుకు పోయినది మాత్రం శవపరీక్ష జరగాలన్నవాడు. దొంగే 'దొంగ, దొంగ' అని అరిచినట్లున్న ఈ వ్యవహారం ఎలా సాధ్యపడిందో చట్టాలను చూస్తే తెలుస్తుంది. 2015 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం ప్రకారం ఉగ్రవాద సంఘటనల విషయంలో ప్రభుత్వ ప్రకటనకు విరుద్ధంగా వ్రాస్తే రెండు లక్షల నుండి ఐదు లక్షల పౌండ్ల దాకా జరిమానా. 2018 నాటి 180వ చట్టం ప్రకారం ఐదువేల మంది అనుసరించే వ్యక్తిగత ఇంటర్నెట్ ఖాతా కూడా పత్రికతో సమానంగా అధికారుల అదుపులోకి వస్తుంది. ఇటువంటి చట్టాల్లో 'అసత్యం' అనే మాటకు వాస్తవంతో సంబంధం తెగిపోతుంది. ప్రభుత్వ ప్రకటనతో సరిపోలనిదంతా అసత్యం. వ్రాసినది నిజమేనని నిరూపించుకోవడానికి నిందితునికి దారి ఉండదు; ఎందుకంటే నిరూపణకు కావలసిన జైలు రికార్డు, శవపరీక్ష నివేదిక, సాక్షులు అన్నీ నేరం మోపినవారి గుప్పిట్లోనే ఉంటాయి.

మన హదీసు విద్వాంసుల పద్ధతిని దీని పక్కన పెట్టి చూడండి. వార్తను పరిశోధించే శాస్త్రాన్ని అంత సూక్ష్మంగా పెంపొందించిన సమాజాలు చరిత్రలో అరుదు. వార్త తెచ్చినవాడు ఎటువంటివాడు, ఎవరి వద్ద విన్నాడు, వారిద్దరూ కలుసుకున్నారా, జ్ఞాపకశక్తి ఎటువంటిది అని ఒక్కొక్క ఉల్లేఖకుని గూర్చి బహిరంగంగా చర్చించి, ఫలానావాడు నమ్మదగినవాడు, ఫలానావాడు బలహీనుడు అని గ్రంథాలకెక్కించారు. అలీ ఇబ్నుల్ మదీనీ అంతటి విద్వాంసుడు తన కన్నతండ్రినే బలహీన ఉల్లేఖకుడని చెప్పడానికి వెనుకాడలేదు. అబద్ధానికి అక్కడ లభించే శిక్ష ప్రధానంగా విశ్వాసాన్ని కోల్పోవడమే. ఆ పరీక్షను నిర్వహించినది పండిత సమాజం. పాలకుడు ఆ స్థానాన్ని తానే ఆక్రమించాలని చూసినప్పుడు ఏమయిందో మనకు తెలుసు. హిజ్రీ 218లో, అనగా క్రీ.శ. 833లో, ఖలీఫా మామూన్ ప్రారంభించిన 'మిహ్నా'లో ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ సంకెళ్లు ధరించారు. మామూన్ తర్వాత వచ్చిన ముఅతసిమ్ కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు. నాటి పాలకులు కూడా తాము సత్యాన్నే కాపాడుతున్నామన్నారు.

జైలులో కలం

2014 జనవరిలో వెలువడిన ఒక రచన ఈ సంపుటిలో ప్రత్యేకమైనది. అబ్దుల్ ఫత్తాహ్, కవి అహ్మద్ దూమా తుర్రా జైలులో వేర్వేరు గదుల్లో ఉన్నారు. ఒకరి మాట ఒకరికి వినబడేలా కేకలు వేసుకుంటూ ఇద్దరూ కలిసి దానిని అల్లారు. ఇమామ్ సరఖ్సీ ఉజ్‌గంద్‌లోని నేలమాళిగ చెరలో ఉండి, పైన కూర్చున్న శిష్యులకు తన 'మబ్సూత్' గ్రంథాన్ని చెప్పి వ్రాయించిన వృత్తాంతం మదరసాలో చదివినవారికి కొత్త కాదు. డమాస్కస్ కోటలో ఇబ్నె తైమియా వద్ద నుండి కాగితాలు, కలాలు లాక్కున్నారు. 1328లో ఆయన అక్కడే మరణించారు. 2019 తర్వాత అబ్దుల్ ఫత్తాహ్‌కు కూడా ఏళ్ల తరబడి పుస్తకాలు అందనివ్వలేదు. ఈ ముగ్గురి విద్యా భావాలు ఒకటి కావు. వారిని ఒకే త్రాసులో తూచడం మా ఉద్దేశం కాదు. కాని వారిని బంధించినవారి ఆలోచన ఒకటే: మనిషిని మూసివేస్తే మాట ఆగుతుందని.

గ్రంథంలో మొదటి పుటల నుండి చివరి పుటలకు వచ్చేసరికి స్వరం మారుతుంది. 2011 జూలై నాటి వ్యాసంలో, కొత్త రాజ్యాంగాన్ని ఎవరు వ్రాయాలన్న ప్రశ్నకు, 1955లో దక్షిణాఫ్రికా ప్రజలు ఊరూరా తమ కోర్కెలను సేకరించి క్లిప్‌టౌన్‌లో ఆమోదించిన స్వేచ్ఛా ప్రణాళికను ఉదాహరణగా చూపుతారు. అక్కడ ఆశ ఉంది, కార్యక్రమం ఉంది. 2016 నాటికి తనకు చెప్పడానికి ఏమీ మిగలలేదన్న మాట వినవస్తుంది. 2019లో విడుదలైన కొద్ది మాసాల్లో, పగలంతా ఇంట్లో, రాత్రంతా స్టేషనులో గడుపుతూ, గాయాలు మానడం గూర్చి వ్రాసిన వ్యాసంలో మళ్లీ మెల్లగా ఆలోచన కదులుతుంది. జైలు మనిషి తర్కాన్ని ఎలా అరగదీస్తుందో, ఆ తర్కం ఎలా తిరిగి మొలకెత్తుతుందో ఈ క్రమం చూపుతుంది.

అనువాదం, లోపాలు

అనువాదకుల పేర్లు గ్రంథంలో లేవు. ఒక బృందం అనువదించిందని మాత్రమే ఉంది. ఆంగ్లం సాఫీగా సాగుతుంది. బహుశా అవసరానికి మించి సాఫీగా. ఈజిప్టు రచయితలకు రెండు అరబ్బీలు ఉన్నాయి. పత్రికా వ్యాసానికి ఫుస్‌హా, వీధి మాటకు ఆమ్మియా. అబ్దుల్ ఫత్తాహ్ ఈ రెండింటి మధ్య తిరుగుతూ ఉంటారు. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని చూసిన మన భాషకు ఈ తేడా బాగా తెలుసు. ఆంగ్లంలో మాత్రం గంభీరమైన వ్యాసమూ, ఫేస్‌బుక్‌లో విసిరిన ఎత్తిపొడుపూ ఇంచుమించు ఒకే గొంతుతో వినిపిస్తాయి.

మస్పెరో వ్యాసం పేరునే తీసుకోండి. అమరులతో ఉండడమే ఎంతో మేలు అన్న అర్థంలో ఆ పేరు పెట్టారు. ఇది కాప్టిక్ క్రైస్తవులు మరణించినవారి విషయంలో వాడే మాట నుండి, పౌలు పత్రికలోని ఒక భావం నుండి వచ్చింది. ముస్లిం కుటుంబంలో పుట్టిన రచయిత, క్రైస్తవ మిత్రుని శవం పక్కన నిలబడి, ఆ మిత్రుని సంప్రదాయంలోని పలుకుబడిని ఎత్తుకొని, అందులో క్రీస్తు అనే చోట 'షుహదా' అనే మాట పెట్టారు. ఆ మాటను తెలుగులో 'అమరవీరులు' అంటే సగం అర్థం పోతుంది. షహీద్, షాహిద్ ఒకే ధాతువు నుండి వచ్చినవి. అమరుడు, సాక్షి అక్కచెల్లెళ్ల బిడ్డలు. ఆసుపత్రిలో ఆ రాత్రి జరిగినది ఖచ్చితంగా అదే: చనిపోయినవారి శరీరాలే సాక్ష్యం చెప్పాయి, బ్రతికి ఉన్నవాడు ఆ సాక్ష్యాన్ని భద్రపరచాడు.

లోపాలు లేవని కాదు. ఆ పూట వాదన కోసం ఇంటర్నెట్‌లో వ్రాసిన ముక్కలు గ్రంథంలో చేరేసరికి చల్లారిపోయాయి. అంతకంటె ముఖ్యమైన లోటు ఒకటుంది. 2013 ఆగస్టు 14న రాబిఆ కూడలిలో ముర్సీ సమర్థకుల శిబిరంపై సైన్యం, పోలీసులు విరుచుకుపడినప్పుడు కనీసం 817 మంది మరణించారని హ్యూమన్ రైట్స్ వాచ్ నమోదు చేసింది. ఆ దృశ్యాలను ఫొటోలు తీస్తున్న షౌకాన్ అనే యువ విలేకరి ఆ రోజే అరెస్టయి 2019 మార్చి దాకా జైలులో మగ్గాడు. మస్పెరో మృతుల పట్ల ఈ గ్రంథం చూపిన సామీప్యం రాబిఆ మృతుల విషయంలో మాకు కనిపించలేదు. ముర్సీ పాలనను వ్యతిరేకించినవారిలో గ్రంథకర్త కూడా ఒకరన్న సంగతిని మరచి దీనిని చదవలేము. ముస్లిం పాఠకుని మనస్సు ఇక్కడ చివుక్కుమంటుంది. అది సహజమే. ఐతే ఆ చివుక్కుమనడం న్యాయ నిర్ణయానికి ఆధారం కాజాలదు.

ఒక క్రియాపదం, రెండు అర్థాలు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అప్పు ఇచ్చిపుచ్చుకొనేటప్పుడు పత్రం వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, వ్రాయడం తెలిసినవాడు నిరాకరించరాదని, పిలిచినప్పుడు సాక్షి రాకుండా ఉండరాదని అందులో ఆదేశించబడింది. చివర లేఖకుడు, సాక్షి, ఈ ఇద్దరి విషయంలో ఒక నిషేధం ఉంది. ఆ నిషేధంలోని క్రియాపదం అరబ్బీ వ్యాకరణం రీత్యా రెండు విధాలుగా అర్థమవుతుంది. రెండు 'రా' అక్షరాలు కలిసిపోవడం వల్ల అది కర్తరి ప్రయోగమో కర్మణి ప్రయోగమో రూపాన్ని బట్టి చెప్పలేము. ఒక విధంగా చూస్తే లేఖకుడూ సాక్షీ ఎవరికీ హాని చేయరాదని. మరొక విధంగా చూస్తే వారికి ఎవరూ హాని చేయరాదని. తబరీ, జమఖ్షరీ వంటి వ్యాఖ్యాతలు రెండర్థాలనూ చర్చించారు. ఆ నిషేధాన్ని మీరితే అది అవిధేయత అని ఆ వెంటనే హెచ్చరిక కూడా ఉంది.

తెలుగులోకి అనువదించేవారు ఇక్కడ ఆగిపోక తప్పదు. మన భాషలో చేయడానికీ చేయబడడానికీ రూపాలు వేరు. ఏదో ఒకటి ఎంచుకొని, రెండవది అడుగున వివరించాలి. మూలంలో మాత్రం రెండు బాధ్యతలూ ఒకే మాటలో విడదీయరాకుండా ఉన్నాయి. ఈ ఆయత్ అప్పుపత్రానికి సంబంధించినదే. దీనిని పత్రికా చట్టంగా సాగదీయడం పాండిత్యం అనిపించుకోదు. కాని నాలుగు దిర్హముల అప్పు విషయంలోనే వ్రాసినవానికి ఇంత రక్షణ ఉన్నప్పుడు, ఒక ప్రాణం పోయిన విషయంలో వ్రాసినవానికి అంతకంటె తక్కువ రక్షణ ఉంటుందనడం బుద్ధికి పొసగదు.

అక్షరాలను బంధించే ప్రభుత్వాలన్నీ ఈ క్రియాపదంలో సగమే చదువుతాయి. లేఖకుడు హాని చేయరాదని గట్టిగా చదువుతాయి. లేఖకునికి హాని చేయరాదన్న సగాన్ని మింగేస్తాయి. స్వేచ్ఛావాదుల్లో కొందరు దీనికి తలక్రిందులుగా రెండవ సగమే చదువుతారు. అబ్దుల్ ఫత్తాహ్ జీవితంలోనే రెండింటికీ సాక్ష్యం ఉంది. ఆయన ఇంటర్నెట్‌లో పూర్వం కోపంతో విసిరిన మాటలు కొన్ని సమర్థించరానివి. 2012లో ఇజ్రాయెలీలను గూర్చి వ్రాసిన ఒక మాట కారణంగా 2014లో సఖరోవ్ బహుమతికి ఆయన పేరును ప్రతిపాదించినవారే ఉపసంహరించుకున్నారు. 2025 డిసెంబరులో బ్రిటన్ చేరగానే అటువంటి పాత వ్రాతలు మళ్లీ బయటికి వచ్చాయి. ఆయన క్షమాపణ చెప్పారు. అది సరియైన పని. మాటకు జవాబు మాట, తప్పు మాటకు పశ్చాత్తాపం. ఆ తప్పు మాటలను చూపి ఆయన అనుభవించిన జైలు న్యాయమేనని ఎవరైనా అంటే, వారు తీర్పునైనా చదవలేదనుకోవాలి. శిక్ష పడినది ఆ మాటలకు కాదు. ఒక ఖైదీ మరణాన్ని గూర్చిన వార్తకు.

మనకు ఇబ్బంది కలిగించే సందర్భాలు

ఇంతవరకు చెప్పినది అంగీకరించడం కష్టం కాదు. కష్టమైనవి మరో రెండు ఉన్నాయి.

మొదటిది కరీమ్ ఆమిర్ అనే కలం పేరుతో వ్రాసిన యువకుని విషయం. అతడు అల్ అజ్హర్ విద్యార్థి. ఇస్లాంను గూర్చి, తన విద్యాలయాన్ని గూర్చి, అధ్యక్షుడు ముబారక్‌ను గూర్చి బ్లాగులో పరుషంగా వ్రాశాడు. 2006లో విద్యాలయం నుండి బహిష్కరించబడ్డాడు. 2007 ఫిబ్రవరిలో అలెగ్జాండ్రియా కోర్టు ఇస్లాంను అవమానించినందుకు మూడేళ్లు, ముబారక్‌ను అవమానించినందుకు ఒక ఏడాది, మొత్తం నాలుగేళ్లు శిక్ష విధించింది. అతని వ్రాతలు ముస్లింలను గాయపరిచేవే. ఇటువంటి విషయాల్లో మన ధర్మశాస్త్ర గ్రంథాల్లో కఠినమైన అభిప్రాయాలు ఉన్న సంగతి కూడా దాచనక్కరలేదు. కాని ఆ తీర్పులోని కూడికను చూడండి. ధర్మ గౌరవాన్నీ ముబారక్ గౌరవాన్నీ ఒకే చీటీపై వ్రాసి మొత్తం వేశారు. ముప్పై ఏళ్లు అత్యవసర చట్టంతో రాజ్యమేలిన వ్యక్తి ప్రతిష్ఠకు ధర్మం కవచం అయింది. ధర్మం పేర పడిన మూడేళ్లకు చప్పట్లు కొట్టినవాడు, ముబారక్ పేర పడిన నాలుగో ఏటికి కూడా చప్పట్లు కొట్టినట్లే.

మక్కాలో దైవప్రవక్త (స) వారిని అవిశ్వాసులు కవి అన్నారు, పిచ్చివాడన్నారు, ఎవరో నేర్పితే పలుకుతున్నాడన్నారు. ఆ నిందలు నేటికీ మనకు ఎలా తెలుసు? ఖుర్ఆన్ వాటిని పేర్కొని సమాధానం చెప్పింది గనుక. నింద చెరిగిపోలేదు, జవాబు దానికంటె పైన నిలిచింది. జవాబు చెప్పగల ధర్మానికి జైలరు అవసరం ఎంత అన్నది మన విద్వాంసులు తీరికగా ఆలోచించవలసిన ప్రశ్న.

రెండవది ముర్సీ కాలం. ఇస్లామీయ ఉద్యమం నుండి వచ్చి, ఎన్నికల ద్వారా అధికారం చేపట్టిన ఆ ప్రభుత్వ కాలంలోనే 2013 మార్చిలో అబ్దుల్ ఫత్తాహ్‌పై వారంటు వెలువడింది. అదే నెలలో హాస్య కార్యక్రమ నిర్వాహకుడు బాసిమ్ యూసుఫ్‌ను అధ్యక్షుణ్ణీ ఇస్లాంనూ అవమానించాడని విచారణకు పిలిపించారు. అంతకు పూర్వం దశాబ్దాల పాటు ఆ చట్టాలకు బలైనవారే ఆ చట్టాలను తొలగించకుండా వాడుకున్నారు. నాలుగు మాసాలు తిరగకముందే సైన్యం వచ్చి వాటినే వారిపై ప్రయోగించింది. అల్ జజీరా విలేకరి మహ్మూద్ హుసైన్ 2016 డిసెంబరు నుండి 2021 ఫిబ్రవరి దాకా విచారణ లేకుండా జైలులో ఉన్నారు. ఆయనపై ఆరోపణ కూడా అసత్య వార్తలే. మన చేతిలో ఉన్నప్పుడు అందంగా కనిపించిన కత్తి ఎదుటివాని చేతికి పోయాక దాని పదును తెలిసింది.

నిసా సూరా 135వ ఆయత్‌లో సొంతవారికి, తల్లిదండ్రులకు, చివరకు తమకే వ్యతిరేకమైనా సరే న్యాయం కోసం సాక్షులుగా నిలబడాలని ఆదేశం ఉంది. మాయిదా సూరా 8వ ఆయత్‌లో ఒక వర్గంపై ద్వేషం న్యాయం నుండి తప్పించరాదని ఉంది. మొదటిది ముర్సీ విషయంలో మనకు పరీక్ష, రెండవది కరీమ్ ఆమిర్ విషయంలో. పరీక్షలో సులభమైన ప్రశ్నలకు మాత్రమే జవాబు వ్రాసి వస్తామంటే కుదరదు.

మన నేల మీద

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1908లో అలీగఢ్‌లో మౌలానా హస్రత్ మోహానీ తన 'ఉర్దూఎ ముఅల్లా' పత్రికలో బ్రిటిషు విధానాలను విమర్శించే ఒక వ్యాసాన్ని రచయిత పేరు లేకుండా ప్రచురించారు. ఆ వ్యాసం మరెక్కడి గూర్చో కాదు, ఈజిప్టు గూర్చే. రచయిత ఎవరో చెప్పమన్నారు, మౌలానా చెప్పలేదు. బాధ్యత తనపై వేసుకొని కఠిన కారాగార శిక్ష అనుభవించారు, జైలులో తిరగలి విసిరారు. అదే సంవత్సరం మన బెజవాడలో 'స్వరాజ్య' పత్రిక సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఒక సంపాదకీయం నిమిత్తం రాజద్రోహ నేరంపై జైలుకు వెళ్లారు. నాటి ప్రభుత్వం కూడా ప్రజల శాంతిని కాపాడుతున్నామనే చెప్పింది.

స్వతంత్ర దేశంలో కూడా ఆ అలవాటు పోలేదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్‌లో ఒక మాట వ్రాసినందుకు ఒక అమ్మాయినీ, దానిని మెచ్చుకున్నందుకు మరొక అమ్మాయినీ అరెస్టు చేశారు. అటువంటి అరెస్టులకు ఆధారంగా వాడిన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆరేళ్ల తర్వాత కూడా పోలీసులు అదే సెక్షను కింద కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో ఆ కోర్టే విస్మయం ప్రకటించింది. కేరళ విలేకరి సిద్దీఖ్ కప్పన్ 2020 అక్టోబరులో హత్రాస్‌కు వెళుతూ దారిలో అరెస్టయి, సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చిన తర్వాత కూడా నెలల పాటు ఉండి, 2023 ఫిబ్రవరిలో గాని బయటికి రాలేదు. ఇటువంటివారి పక్షాన మన సమాజం మాట్లాడింది, మాట్లాడవలసిందే. ఐతే మనవాడు కాని విలేకరిని పట్టుకున్నప్పుడు ఆ గొంతు అంతగా వినిపించదన్నది నిష్ఠురమైన నిజం.

క్రియాపదంలోని మొదటి సగాన్ని కూడా మరువరాదు. హుజురాత్ సూరా 6వ ఆయత్ వార్త తెచ్చినవాని నడవడిని చూసి, విచారించి గాని నమ్మవద్దని హెచ్చరించింది. తెలియక ఒక వర్గానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాప పడవలసి వస్తుందని కారణం కూడా చెప్పింది. అందిన సందేశాన్ని చదవకుండానే పది మందికి పంపే మన వాట్సాప్ అలవాటు ఈ ఆయత్‌కు బహిరంగ ధిక్కారం. హదీసు విద్వాంసులు ఒక్క వాక్యం కోసం నెలల తరబడి ప్రయాణించారని గర్వంగా చెప్పుకొనే మనం, ఒక్క నిమిషం ఆగలేకపోతున్నాం. మనమే విచారించుకొంటే పాలకునికి ఆ సాకు దొరకదు.

అబ్దుల్ ఫత్తాహ్ గ్రంథం సంపూర్ణమైనది కాదు. గ్రంథకర్త కూడా సంపూర్ణుడు కారు. ఐనా ఆసుపత్రిలో శవాల పక్కన నిలబడి సాక్ష్యాన్ని మట్టిపాలు కానివ్వని మనిషి వ్రాసిన పుటలు ఇందులో ఉన్నాయి. ఆంగ్లం లేదా అరబ్బీ తెలిసిన మన యువకులు దీనిని చదవాలి. కనీసం మస్పెరో వ్యాసమైనా మన భాషలోకి రావాలి. రాబిఆ మృతుల కోసం అటువంటి వ్యాసాన్ని వ్రాయగల సాక్షులు ఈనాటికీ ఈజిప్టు జైళ్లలో ఉన్నారు. వారు బయటికి వచ్చి వ్రాసే రోజును అల్లాహ్ త్వరగా చూపుగాక. అందాకా వ్రాసేవానికి హాని జరిగినప్పుడల్లా, అతడు ఎవరని అడగడానికి ముందు ఏమి చూశాడని అడగడం మన విధి.